మడి కట్టుకున్న ఫైర్‌వాల్: ఫిప్స్ మోడ్‌తో నా మూడు వారాలు

ముందే చెప్పేస్తాను, ఐదుకి మూడున్నర. ఈ ఫైర్‌వాల్ పెట్టె, అంటే ఆఫీసు నెట్‌వర్క్ గుమ్మం దగ్గర కాపలా కాసే పరికరం, మంచిదే, మామూలుగా వాడుకునేవాళ్ళయితే నాలుగున్నర ఇచ్చినా తప్పులేదు. కానీ నేను రాస్తున్నది మామూలు వాడకం గురించి కాదు. దాన్ని ఫిప్స్ మోడ్‌లోకి, అంటే అమెరికా ప్రభుత్వం ఆమోదించిన ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని పరాయివాళ్ళు చదవలేకుండా మార్చడం) పద్ధతులే వాడే స్థితిలోకి మార్చి, ఆ మోడ్‌లోనే ఒక ఫ్యాక్టరీ మొత్తాన్ని నడిపించడం గురించి. అమెరికాలో నెట్‌వర్క్ పనుల్లో మనవాళ్ళు ఇంతమంది ఉన్నారు, ఎవరో ఒకరికి రేపు ఇదే పని నెత్తిన పడుతుంది, అప్పుడు నాలా మూడు వారాంతాలు పోగొట్టుకోకుండా ఉంటారని రాస్తున్నా. బ్రాండ్ పేరు అడక్కండి. క్లయింట్‌తో రాసుకున్న కాగితం ప్రకారం ఏం వాడుతున్నామో బయట చెప్పకూడదు, పైగా నాకెదురైన చిక్కుల్లో సగం బ్రాండ్ వల్ల వచ్చినవి కావు, ఆ మోడ్ వల్ల వచ్చినవి.

నేను డాలస్ దగ్గర ఒక చిన్న ఐటీ సర్వీసెస్ కంపెనీలో పనిచేస్తాను. మా క్లయింట్లలో ఒకటి లోహపు విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీ, అరవై మంది ఉంటారు. వాళ్ళ సరుకు ఇంకో పెద్ద కంపెనీకి, అక్కణ్ణుంచి అమెరికా రక్షణ శాఖకి వెళ్తుంది. ఆ డ్రాయింగులు పెద్ద రహస్యాలేం కావు గానీ అందరి చేతుల్లోనూ పడకూడదు, అలాంటి సమాచారాన్ని సీయూఐ (కంట్రోల్డ్ అన్‌క్లాసిఫైడ్ ఇన్ఫర్మేషన్) అంటారు. 2025 నవంబర్ 10 నుంచి రక్షణ శాఖ కాంట్రాక్టుల్లో సీఎంఎంసీ అనే సైబర్ భద్రత సర్టిఫికేట్ షరతు దశలవారీగా పెట్టడం మొదలైంది. అందులో లెవెల్ 2 అయితే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వాళ్ళ 800-171 పత్రంలో ఉన్న 110 అంశాలూ పాటిస్తున్నట్టు చూపించాలి. అందులో 3.13.11 అని ఒకటుంది. ఒకటే వాక్యం. సీయూఐని కాపాడ్డానికి ఎన్‌క్రిప్షన్ వాడితే అది ఫిప్స్ వాలిడేషన్ ఉన్నదే అయ్యుండాలి. మా పాత ఫైర్‌వాల్‌ని అటక ఎక్కించింది ఆ ఒక్క వాక్యమే.

ఫ్యాక్టరీ ఓనరు లెక్కల మనిషి. ఎన్‌క్రిప్షనే లేకపోతే ఈ అంశానికి 5 మార్కుల కోత, ఉండి ఫిప్స్ వాలిడేషన్ లేకపోతే 3 మార్కులే కోత అని ఎక్కడో చదివొచ్చి, "మూడే కదా, పోనిద్దాం" అన్నాడు. నిజానికి కొంతవరకు కరెక్టే, 110కి 88 వస్తే షరతులతో కూడిన సర్టిఫికేట్ ఇస్తారు, ఈ అంశాన్ని తర్వాత చేస్తామని రాసి పెట్టుకోవచ్చు కూడా. కానీ 180 రోజుల్లో అది పూర్తి చేసి చూపించకపోతే ఆ సర్టిఫికేట్ కాస్తా పోతుంది. ఇవాళ కాకపోతే ఆర్నెల్లకి అదే పెట్టె, అదే ఖర్చు, పైగా టెన్షన్. కొనేశాం.

ఇక్కడ అసలు ఫిప్స్ అంటే ఏంటో రెండు ముక్కలు. అమెరికా ప్రభుత్వ కంప్యూటర్ల కోసం నిస్ట్ రాసే ప్రమాణాల్లో 140 నంబరుది ఎన్‌క్రిప్షన్ చేసే మాడ్యూల్ గురించి. 1994లో 140-1, 2001లో 140-2, 2019లో 140-3 వచ్చాయి. గుర్తింపు పొందిన ల్యాబ్ పరీక్షిస్తుంది, అమెరికా నిస్ట్, కెనడా సైబర్ సెంటర్ కలిసి నడిపే సీఎంవీపీ అనే విభాగం సర్టిఫికేట్ ఇస్తుంది. బంగారం షాపులో హాల్‌మార్క్ లాంటిదన్నమాట. "మా బంగారం స్వచ్ఛమైనదండీ" అని షాపతను చెప్పడం వేరు, నగ మీద ఆరక్షరాల హెచ్‌యూఐడీ ఉండి, అది మీరు బీఐఎస్ యాప్‌లో కొట్టి చూసుకోవడం వేరు. ఇక్కడా అంతే. బ్రోషర్లో "ఫిప్స్ కంప్లయంట్", "ఫిప్స్ రెడీ", "ఫిప్స్ ఆల్గోరిథమ్స్" ఇలా రకరకాలుగా రాస్తారు, వాటికి ఆడిటర్ దగ్గర విలువ లేదు. "వాలిడేటెడ్" అన్న మాట, దాని పక్కన సర్టిఫికేట్ నంబరు, ఆ నంబరు నిస్ట్ సైట్‌లో కొడితే "యాక్టివ్" అని రావడం, ఇవి మూడూ ఉంటేనే లెక్క.

మాకు అమ్మిన సేల్స్ మనిషి మంచివాడే కానీ నంబరు అడిగితే రెండు రోజులు మాయమయ్యాడు. వచ్చాక ఇచ్చింది 140-2 నంబరు. కొత్తగా కొనేవాళ్ళు ఇది బాగా గుర్తుపెట్టుకోండి, 140-2 సర్టిఫికేట్లన్నిటికీ 2026 సెప్టెంబర్ 21 వరకే ఆయుష్షు, ఆ తర్వాత అవి "హిస్టారికల్" జాబితాలోకి పోతాయి, అంటే కొత్త సిస్టమ్‌లకి వాడొద్దని అర్థం. అయిదేళ్ళు వాడదామని కొన్న పెట్టె సర్టిఫికేట్ అంతకుముందే మ్యూజియంలో చేరితే ఎలా? మళ్ళీ వాదించి, 140-3 సర్టిఫికేట్ ఉన్న మోడల్ తీసుకున్నాం. కాస్త ఖరీదు ఎక్కువైంది. ఓనరు మొహం చూడాలి.

సరే, పెట్టె వచ్చింది. తెరిచాను, పవర్ ఇచ్చాను, వెర్షన్ చూశాను. సర్టిఫికేట్లో ఉన్నది ఒకటి, పెట్టెలో ఉన్నది ఇంకోటి, దానికన్నా కొత్తది. ఇది చాలామందికి తెలియని సంగతి, సర్టిఫికేట్ పెట్టెకి ఇవ్వరు. ఫలానా హార్డ్‌వేర్ మోడల్ మీద ఫలానా వెర్షన్ సాఫ్ట్‌వేర్, ఫలానా విధంగా అమర్చితే, దానికి ఇస్తారు. ఒక్క అంకె అటూఇటూ అయినా అది ఆ సర్టిఫికేట్ ఉన్న వస్తువు కాదు. ఆ "ఫలానా విధంగా" అన్నది సెక్యూరిటీ పాలసీ అనే పీడీఎఫ్‌లో ఉంటుంది, సర్టిఫికేట్ పేజీలోనే లింకు ఉంటుంది, ఎవరైనా దింపుకోవచ్చు. వెండర్ ఇచ్చే సెటప్ గైడ్ కంటే ముందు అది చదవండి. నేను రివర్స్‌లో చదివాను, అందుకే మూడు వారాలు పట్టింది.

కొత్త వెర్షన్‌ని పాతదానికి దించడం అరగంట పని. తర్వాత అసలు ఘట్టం, మోడ్ మార్చడం.

హైదరాబాద్‌లో నాతోపాటు పనిచేసిన ఒక తమ్ముడు ఇప్పుడు అట్లాంటాలో ఉన్నాడు, ఫోన్ చేస్తే "ఏముందన్నా, ఒక్క టిక్కే కదా" అన్నాడు. ఒక్క టిక్కే, నిజమే. ఆ టిక్కు పెట్టగానే పెట్టె తన ఒంటి మీదున్న కాన్ఫిగరేషన్, ఎన్‌క్రిప్షన్ తాళాలు, డిజిటల్ సర్టిఫికేట్లు, పాస్‌వర్డులు అన్నీ తుడిచేసుకుని, తలస్నానం చేసి కొత్తగా లేస్తుంది. మా అమ్మమ్మ మడి కట్టుకున్నట్టే. మడి బట్ట కట్టుకున్నాక ఆవిడ ఎవర్నీ ముట్టుకోదు, పొరపాటున పిల్లాడు తగిలితే మళ్ళీ మొదటి నుంచి స్నానం. ఈ పెట్టెదీ అదే తంతు. మామూలు మోడ్‌లో పుట్టిన ఏ తాళమూ మడి మోడ్‌లోకి రాకూడదు, మడిలో పుట్టినవి బయటికి పోకూడదు. అందుకే అటు మారినా ఇటు మారినా అన్నీ చెరిపేస్తుంది, దానికి "జీరోయైజేషన్" అని పేరు. తర్కం బాగుంది, నాకేం అభ్యంతరం లేదు. కానీ నేను రెండు రోజులు కూర్చుని మామూలు మోడ్‌లో రూల్స్ అన్నీ రాసేసి, టెస్ట్ చేసేసి, "ఇక చివర్లో ఫిప్స్ ఆన్ చేద్దాం" అనుకున్నాను చూడండి, అక్కడ తెలివి తక్కువతనం నాదే. బ్యాకప్ ఉంది. రూల్స్ మట్టుకు తిరిగొచ్చాయి. వీపీఎన్ (ఇంటర్నెట్ మీద వేసుకునే రహస్య దారి) తాళాలు, అడ్మిన్ పాస్‌వర్డులు, డిజిటల్ సర్టిఫికేట్లు మాత్రం రాలేదు, అన్నీ చేత్తో మళ్ళీ పెట్టుకున్నాను. గైడ్‌లో ఈ హెచ్చరిక ఉంది, 40వ పేజీ దాటాక, చిన్న గడిలో. స్క్రీన్ మీద ఆ టిక్కు పక్కనే పెద్ద ఎర్ర అక్షరాల్లో ఉండాల్సిన మాట అది. ఒక మార్కు అక్కడ పోయింది.

లేచేటప్పుడు చూస్తే మాత్రం ముచ్చటేసింది. ప్రతి బూట్‌లోనూ సెల్ఫ్ టెస్టులు చేసుకుంటుంది. చిన్నప్పుడు బడిలో పొద్దున్నే ఎక్కాలు అప్పజెప్పించేవాళ్ళు చూడండి, అలాగ. ముందే జవాబు తెలిసిన లెక్క ఒకటి ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతికి ఇస్తారు, అదే జవాబు రావాలి. తర్వాత ఎస్‌హెచ్‌ఏ, తర్వాత ఆర్‌ఎస్‌ఏ, ఈసీడీఎస్ఏ అనే మిగతా పద్ధతులకి, తర్వాత ర్యాండమ్ నంబర్లు పుట్టించే భాగం, ఆ పైన తన సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా మార్చారా అని సంతకం చూసుకోవడం. కన్సోల్‌లో, అంటే పెట్టెకి నేరుగా కేబుల్ పెట్టి చూసే తెర మీద, ఒక్కో లైను "పాస్డ్, పాస్డ్" అని వస్తుంటే పరీక్ష ఫలితాలు చూసినట్టుంటుంది. ఒక్కటి తప్పినా సరే, ఎర్రర్ స్థితిలోకి వెళ్ళి, ట్రాఫిక్ ఒక్క బైట్ కూడా బయటికి పోనివ్వకుండా కూర్చుంటుంది. అది చాలా మంచి గుణం, తప్పుగా ఎన్‌క్రిప్ట్ చేసి పంపేకంటే పంపకపోవడమే మేలు. దీనివల్ల బూట్ టైమ్ పెరిగింది, మా దగ్గర నాలుగు నిమిషాలది ఏడు అయింది. మధ్యాహ్నం షిఫ్ట్‌లో రీబూట్ చేస్తానని మాత్రం ఎవరూ అనకండి.

ఆ "పాస్డ్" లైన్లు చూపించడం తప్ప, ఈ మోడ్‌లో కన్సోల్ పోర్ట్ ఇంకేం చేయదు. లాగిన్ అవ్వనివ్వదు. ఇది నాకెలా తెలిసిందంటే, నన్ను నేనే బయటికి నెట్టుకుని తాళం వేసుకున్నాను కాబట్టి. తప్పు పాస్‌వర్డ్ మూడుసార్లు కొడితే 30 నిమిషాలు లాక్ అని నేనే పెట్టాను, కొత్త పాస్‌వర్డ్ టైప్ చేసేటప్పుడు ల్యాప్‌టాప్‌లో క్యాప్స్ లాక్ పడుంది, తర్వాత కథ మీరే ఊహించుకోండి. మామూలు పెట్టెల్లో అయితే కన్సోల్ కేబుల్ పెట్టి లోపలికి దూరేవాళ్ళం. ఇక్కడ దొడ్డిదారి లేదు. పాస్‌వర్డ్ నిజంగా మర్చిపోతే మిగిలేది ఒక్కటే, మొత్తం చెరిపేసుకోవడం. అరగంట ఆ చల్లటి సర్వర్ గదిలో నిలబడి ఫోన్‌లో క్రికెట్ స్కోరు చూసుకున్నాను. రెండో అడ్మిన్ అకౌంట్ ఒకటి పెట్టుకుని, దాని పాస్‌వర్డ్ కవర్లో సీల్ చేసి ఓనరు బీరువాలో పడేయండి. ఇప్పుడు మేమలాగే చేస్తున్నాం.

అన్నట్టు, ఈ పాలసీ పత్రంలో అడ్మిన్‌ని "క్రిప్టో ఆఫీసర్" అంటారు. మా అమ్మకి ఫోన్‌లో గొప్పగా చెప్పాను. "బిట్‌కాయిన్‌లా నాన్నా? జాగ్రత్త, డబ్బులు పెట్టకు" అంది.

ఇక మడి కట్టుకున్నాక చుట్టుపక్కలవాళ్ళతో వచ్చే గొడవలు. పెట్టెతో కంటే వీటితోనే ఎక్కువ టైమ్ పోయింది. మొదటిది, నా పాత పుట్టీ, పరికరాల్లోకి ల్యాప్‌టాప్ నుంచి లాగిన్ అయ్యే ప్రోగ్రాం. కనెక్ట్ చేస్తే కీ ఎక్స్‌చేంజ్ ఆల్గోరిథమ్ (రెండు వైపులా ఒకే తాళానికి ఒప్పుకునే పద్ధతి) కుదర్లేదని ఒక డబ్బా వచ్చి చచ్చిపోయింది. కొత్త వెర్షన్ వేసుకుంటే ఆ గొడవ పోయింది. కర్వ్25519 మీద నడిచే కీ ఎక్స్‌చేంజ్ నిస్ట్ ఆమోదించిన జాబితాలో లేదు, కాబట్టి ఈ పెట్టె దాన్ని ముట్టుకోదు, పీ-256, పీ-384 లాంటివే మాట్లాడుతుంది. రెండోది, మానిటరింగ్ సర్వర్. అది పరికరాల బాగోగులు అడిగే ఎస్ఎన్ఎంపీ పద్ధతిలో ఇంకా రెండో వెర్షన్‌లో ఉంది, పాస్‌వర్డ్‌లాంటి కమ్యూనిటీ పదాన్ని పచ్చిగా వైర్ మీద పంపే రకం. మూడో వెర్షన్‌కి, ఏఈఎస్, ఎస్‌హెచ్‌ఏతో మార్చాను, పది నిమిషాలు.

మూడోది రేడియస్, లాగిన్ అయ్యేవాళ్ళని సరిచూసే పద్ధతి, కాస్త ఏడిపించింది. వీపీఎన్‌లోకి వచ్చే ఉద్యోగుల లాగిన్లు దాని మీద నడుస్తున్నాయి. రేడియస్ పుట్టుకతోనే ఎండీ5 అనే పాత, బలహీనమైన హ్యాష్ (సందేశానికి వేలిముద్ర లాంటిది) పద్ధతి మీద ఆధారపడింది, ఎండీ5 ఈ జాబితాలో ఎప్పుడూ లేదు. "ఎండీ5 అయితే ఏమైందిలే, లోపలి నెట్‌వర్కే కదా" అని అనుకునేవాణ్ణి నేనూ. 2024 జులైలో బ్లాస్ట్‌రేడియస్ అని ఒక దాడి పద్ధతి బయటపెట్టారు, మధ్యలో కూర్చున్నవాడు ఆ ఎండీ5 బలహీనతతో "వద్దు" అన్న జవాబుని "సరే, రానివ్వు" అని మార్చెయ్యగలడు. మడి ఎందుకో అప్పుడర్థమవుతుంది. మేం టీఎల్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ దారి మీద నడిచే ఎల్‌డ్యాప్ అనే ఇంకో లాగిన్ పద్ధతికి మారిపోయాం. దానికి డిజిటల్ సర్టిఫికేట్లు మళ్ళీ చేయించుకోవాల్సి వచ్చింది, పాతవాటి తాళాలు 1024 బిట్ల పొడవువి, ఇప్పుడు 2048కి తగ్గకూడదు.

నాలుగోది, అన్నిటికన్నా పెద్దది, బయటి కంపెనీతో ఉన్న సైట్ టు సైట్ వీపీఎన్. ఫ్యాక్టరీ సరుకుకి పూత పూసే ఒక చిన్న వర్క్‌షాప్ ఉంది, డ్రాయింగులు అక్కడికీ వెళ్తాయి. వాళ్ళ పెట్టె ఎప్పటిదో, 3డీఈఎస్, ఎస్‌హెచ్‌ఏ-1, డీహెచ్ గ్రూప్ 2 అనే పాత పద్ధతుల మీద పెట్టి మర్చిపోయారు. మా పెట్టె ఏఈఎస్-256, ఎస్‌హెచ్‌ఏ-256, గ్రూప్ 14కి తగ్గనంటుంది. లాగ్‌లో "నో ప్రపోజల్ చోజెన్" అని వరుసగా. 3డీఈఎస్‌తో కొత్తగా ఎన్‌క్రిప్ట్ చేయడాన్ని నిస్ట్ 2023 చివరితో ఆపేసింది. అవతల ఆ పెట్టె పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఉద్యోగం మానేశాడు. వాళ్ళూ చివరికి కొత్తది కొన్నారు, అప్పటిదాకా ఆ వారం డ్రాయింగులు ప్రింట్ తీసి మనిషి చేత పంపించారు. మోడ్ మార్చడానికి నెల ముందే అవతలివాళ్ళ సెట్టింగులు స్క్రీన్‌షాట్లు అడిగి తెప్పించుకోండి, ఫోన్‌లో "మాదంతా బాగానే ఉంది" అంటే నమ్మకండి.

ఓనరు కొడుక్కి ఇంట్లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ బాగా అలవాటు, అదే ఇక్కడా పెట్టమని ఒకటే గోల. వైర్‌గార్డ్ మంచిదే, నేనూ ఇంట్లో వాడతాను. కానీ అది చాచా20, కర్వ్25519, బ్లేక్2 అనే పద్ధతుల మీద కట్టింది, మార్చుకునే వీలు కావాలనే పెట్టలేదు. వాటికి ఫిప్స్ దగ్గర చోటు లేదు. చాచా20 బలహీనమైనదని కాదు, ఈ జాబితాలో పేరు లేదంతే. పెళ్ళి శుభలేఖలో పేరు లేనివాడు మంచివాడు కాదనా?

చాలామంది భయపడే ఒక సంగతి ఇక్కడ తేల్చెయ్యాలి. ఫిప్స్ మోడ్ ఆన్ చేస్తే ఫ్యాక్టరీలో పాత మెషీన్లన్నీ ఆగిపోతాయని మా క్లయింట్ దగ్గర ఫోర్‌మన్ దాదాపు ధర్నాకి దిగాడు. వాళ్ళ సీఎన్‌సీ మెషీన్లు (కంప్యూటర్ ప్రోగ్రాముతో లోహం కోసేవి) కొన్ని ఇప్పటికీ ఎఫ్‌టీపీ అనే ఎన్‌క్రిప్షన్ లేని పాత పద్ధతిలో ప్రోగ్రాములు తీసుకుంటాయి. ఏం ఆగలేదు. ఈ మోడ్ పెట్టె తానే చేసే ఎన్‌క్రిప్షన్‌కి, అంటే దాని మేనేజ్‌మెంట్ లాగిన్లకి, వీపీఎన్‌కి, అది మధ్యలో టీఎల్‌ఎస్ విప్పి చూస్తే దానికి, వీటికే వర్తిస్తుంది. దాని గుండా పోయే ఎఫ్‌టీపీని ఆపాలా వద్దా అన్నది మామూలు రూల్స్ పని. దీన్నే తిప్పి చెప్తే, ఫిప్స్ ఆన్ చేశాం కాబట్టి లోపలంతా భద్రం అనుకుంటే అదీ తప్పే. ఆ మెషీన్లని వేరే విభాగంలో పెట్టి, దారులు మూయడం మేం విడిగా చేసుకున్నాం.

ఇప్పుడు స్టిక్కర్లు. నవ్వొస్తుంది కానీ రెండు వారాలు వీటికే పోయాయి. మా మోడల్ ఫిప్స్ సర్టిఫికేట్ లెవెల్ 2ది, ఇది సీఎంఎంసీ లెవెల్ 2 కాదు, వేరే లెక్క. నాలుగు లెవెల్స్ ఉంటాయి, రెండోదానికి పెట్టెని ఎవరైనా తెరిస్తే కనపడేలా సీళ్ళు ఉండాలి, లోపలి భాగాలు గాలి రంధ్రాల్లోంచి కనపడకూడదు. దానికో కిట్ విడిగా కొనాలి, పెట్టెతో రాదు, చెప్పరు కూడా. అందులో వెంట్ల ముందు బిగించే రేకులు, లెక్కపెట్టి ఇచ్చిన స్టిక్కర్లు. ఎక్కడెక్కడ అంటించాలో సెక్యూరిటీ పాలసీలో బొమ్మలతో ఉంటుంది. ఆల్కహాల్‌తో తుడవాలి, ఆరనివ్వాలి, అంటించాక ఒక రోజు కదపకూడదు. అన్నీ శ్రద్ధగా చేశాను, సత్యనారాయణ వ్రతం కూడా అంత శ్రద్ధగా చెయ్యలేదు. మర్నాడు ర్యాక్‌లోకి ఎక్కిద్దామని చూస్తే, ర్యాక్ బ్రాకెట్ బిగించాల్సిన స్క్రూ రంధ్రం మీదే ఒక స్టిక్కరు కూర్చుంది. పీకితే చిరిగి మచ్చ పడుతుంది, దాని పనే అది. అదనంగా స్టిక్కర్లు లేవు. మళ్ళీ ఆర్డరు, మళ్ళీ ఎదురుచూపు. తప్పు నాదే, బొమ్మలో బ్రాకెట్ బిగించే ఉంది, నేనే చూసుకోలేదు. కానీ ఒక్క స్టిక్కరు ఎక్కువ పెడితే కంపెనీ సొమ్మేం పోతుంది చెప్పండి. అర మార్కు అక్కడ.

అన్నిటికంటే నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టేది ప్యాచ్‌ల సంగతి. సర్టిఫికేట్ ఉన్న వెర్షన్ ఎప్పుడూ పాతదే, ఎందుకంటే ల్యాబ్, ఆ తర్వాత సీఎంవీపీ క్యూ, అన్నీ కలిపి ఏడాది దాటిపోవడం మామూలే. ఈలోగా ఆ వెర్షన్‌లో ఒక రంధ్రం బయటపడుతుంది, ప్యాచ్ వస్తుంది. వేస్తే సర్టిఫికేట్ ఉన్న వెర్షన్ కాదు. వేయకపోతే దొంగకి తలుపు తీసిపెట్టినట్టే. మొదటివారంలోనే మాకీ పరిస్థితి వచ్చింది. నేను వెంటనే ప్యాచ్ వేశాను, ఇప్పుడడిగినా అదే చేస్తాను. సీఎంఎంసీ నిబంధనల్లోనే దీనికి దారుంది. ఫిప్స్ ఉన్నదానికి ప్యాచ్ అవసరమై, ప్యాచ్ వేసిన వెర్షన్‌కి వాలిడేషన్ లేకపోతే దాన్ని "టెంపరరీ డెఫిషియన్సీ" కింద చూడొచ్చని ఉదాహరణగా రాశారు కూడా. ఏ రోజు, ఏ రంధ్రం, ఎందుకు వేశాం, ఎప్పటికి సరిచేస్తాం అన్నది కాగితం మీద పెట్టి సంతకం చేయించాను. ఫిప్స్ మోడ్ మాత్రం ఆఫ్ చేయలేదు, ప్యాచ్ వేసినా మోడ్ అలాగే ఉంటుంది.

సర్టిఫికేట్ ఉంటే చాలు అనుకునేవాళ్ళకి ఒక పాత కథ. డ్యుయల్ ఈసీ అని ర్యాండమ్ నంబర్లు పుట్టించే ఒక పద్ధతి నిస్ట్ ప్రమాణాల్లోనే ఉండేది. లోపల దొంగతలుపు ఉండొచ్చని 2007లోనే నిపుణులు వేలెత్తి చూపారు, 2013లో స్నోడెన్ పత్రాల తర్వాత అది పెద్ద గొడవై, 2014లో నిస్ట్ తీసేసింది. అన్నేళ్ళూ అది ఆమోదిత జాబితాలోనే ఉంది. అందుకే నేను ఈ మోడ్‌ని తక్కువా చెయ్యను, నెత్తినా పెట్టుకోను. ఎండీ5, 3డీఈఎస్ లాంటి చెత్తని ఇల్లంతా వెతికి బయటపడేయించింది, అది ఒక్కటే అయినా డబ్బులు గిట్టుబాటు.

వేగం గురించి అడుగుతారు. తేడా ఏమీ కనపడలేదు, ఏఈఎస్ పని చిప్పే చేస్తుంది. వెబ్ స్క్రీన్ కొంచెం నెమ్మది, అది ముందూ అంతే. సపోర్ట్ వాళ్ళు రెండుసార్లు "ముందు ఫిప్స్ మోడ్ ఆఫ్ చేసి చూడండి" అన్నారు. ఆఫ్ చేస్తే మొత్తం చెరిగిపోతుందయ్యా అని నేనే వాళ్ళకి పాఠం చెప్పాల్సి వచ్చింది. మూడోసారి తగిలినావిడకి మాత్రం విషయం తెలుసు, ఇరవై నిమిషాల్లో తేల్చేసింది, ఆవిడ కోసమే సపోర్ట్‌కి మార్కు కోయలేదు.

మన దగ్గర, అంటే హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో ఆఫీసు పెట్టుకుని ఇది కొనాలా అంటే, అమెరికా, కెనడా ప్రభుత్వాల పనితో సంబంధం లేకపోతే మీకీ తలనొప్పి అక్కర్లేదు. ఇండియాలో టెండర్లలో ఎక్కువగా అడిగేది కామన్ క్రైటీరియా అనే అంతర్జాతీయ భద్రతా ప్రమాణం, దానికి మనకి ఎస్‌టీక్యూసీ అనే కేంద్ర ప్రభుత్వ విభాగం ఉంది, 2013 నుంచి ఆ అంతర్జాతీయ ఒప్పందంలో సర్టిఫికేట్లు ఇచ్చే దేశాల్లో మనమూ ఒకళ్ళం. కొన్ని బ్రాండ్లు రెండూ కలిపి ఫిప్స్-సీసీ మోడ్ అని ఒకే టిక్కు పెడతాయి. అవసరం లేకుండా గొప్ప కోసం ఆ టిక్కు ముట్టుకోకండి, సాయంత్రం ఆరు తర్వాత అస్సలు ముట్టుకోకండి.

వచ్చే వారం రెండో పెట్టె వస్తోంది, మొదటిది పడిపోతే అందుకోవడానికి. రెండూ ఒకే మోడ్‌లో ఉంటే తప్ప జతకట్టవు, కాబట్టి తీసిన వెంటనే వెర్షన్ చూసి, మడి కట్టించి, అప్పుడే రూల్స్ ఎక్కిస్తాను. స్టిక్కర్ల కిట్లు ఈసారి రెండు ఆర్డర్ చేశాను. బ్రాకెట్లు ముందే బిగించి పెట్టమని ఫోర్‌మన్‌కి చెప్పాను, పోయినసారి నన్ను చూసి నవ్వింది ఆయనే.